పరాయి గడ్డ మీద పదిమందికి అక్కరకు రావాలంటే

రాత్రి ఒకటిన్నరకు ఫోన్ మోగింది. "అన్నా, మా రూమ్ల ఒక తమ్ముడు లేస్తలేడు. పెయ్యంత సల్లగైంది. ఏం జెయ్యాలె?" గొంతు వణుకుతోంది. అడిగినవాడిది జగిత్యాల దిక్కు. లేవనివాడిది ఖానాపూర్ అవతల ఒక పల్లె. ఇద్దరూ నాకు ముఖపరిచయం లేనివాళ్లే. నా నంబర్ ఎవరి దగ్గరో దొరికింది, చేశారు. దుబాయిలో పద్నాలుగేళ్లు ఒక కంపెనీ గోదాములో స్టోర్ కీపర్‌గా పనిచేశాను. పగలంతా ఆ కొలువు, రాత్రిళ్లు ఈ ఫోన్లు.

ఆ రాత్రి నేను చేసిన మొదటి పనే తప్పు. చొక్కా తొడుక్కుని టాక్సీ పట్టుకుని క్యాంపుకు ఉరికాను. నేను చేరేసరికి రెండు గంటలు దాటింది. నేను వస్తున్నానన్న ధైర్యంతో వాళ్లు ఎవరికీ ఫోన్ చేయలేదు. పైగా మనూరి పద్ధతి ప్రకారం తమ్ముణ్ని మంచం మీంచి కిందికి దించి, ముఖం కడిగి, దుప్పటి కప్పారు. అతని పెట్టె సర్ది పక్కన పెట్టారు. ప్రేమతో చేసిందే అంతా. తెల్లారి పోలీసులు వచ్చాక ఆ ప్రేమకే ఒక్కొక్కరు గంటల తరబడి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. శవాన్ని ఎవరు కదిలించారు, ఎందుకు కదిలించారు, పెట్టె ఎందుకు ముట్టుకున్నారు? నేను నిద్రలేని కళ్లతో డ్యూటీకి వెళ్లి సరుకు లెక్క తప్పు రాశాను. ఆ నెల చేతికి వార్నింగ్ లెటర్ వచ్చింది.

ఆ ఫోన్ ఇప్పుడు వస్తే నేను మంచం దిగను. "తమ్మీ, ముందు 998కు కొట్టు, అంబులెన్స్ వస్తది. తర్వాత 999, పోలీసులు. క్యాంపు బాస్‌ను లేపు. మనిషిని కదిలియ్యకుండ్రి, సామాను ముట్టకుండ్రి. క్యాంపు బాస్ దగ్గర ఆయన ఐడీ కాపీ ఉంటే నాకు పంపు" అని చెప్తాను. ఆ నాలుగు మాటలకు రెండు నిమిషాలు చాలు. ఊపిరి ఇంకా ఆడుతుంటే, బతికే అవకాశమున్నది కూడా ఆ రెండు నిమిషాల్లోనే. నేను టాక్సీలో గడిపిన అరగంటలో లేదు.

సాయం చేయాలన్న మనసు మన ఇలాకా మనుషులకు పుట్టుకతోనే ఉంటుంది. ఇంకొకరు చెప్పాల్సిన అవసరం లేదు. సాయం చేయడం మాత్రం ఒక పని. తాపీ పని నేర్చుకున్నట్టు, వెల్డింగ్ నేర్చుకున్నట్టు దాన్నీ నేర్చుకోవాలి. ఈ అధ్యాయం ఆ పని గురించే.

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో గల్ఫ్ బాట పట్టని ఊరు వెతికితే గాని దొరకదు. కోరుట్ల, మెట్‌పల్లి, రాయికల్, చందుర్తి, కోనరావుపేట, నిర్మల్, ఖానాపూర్, ఎక్కడైనా బస్సు దిగి నాలుగు ఇళ్లు దాటితే ఒక ఇంటి గోడ మీద సౌదీలో దిగిన ఫొటో కనిపిస్తుంది. 1970ల్లో చమురు ధర పెరిగి అక్కడ పనులు మొదలైనప్పుడు ఇక్కడ బావులు ఎండుతున్నాయి. తర్వాత సిరిసిల్లలో మగ్గాలు ఆగాయి. శంషాబాద్ విమానాశ్రయం 2008లో వచ్చింది. అంతకుముందు మెట్‌పల్లిలో బొంబాయి బస్సెక్కి, అక్కడ ఏజెంటు చూపించిన గదిలో వారాల తరబడి పడుండి విమానం ఎక్కినవాళ్లు మా పెద్దలు. అలా పోయినవాళ్లలోనే కొందరు చదవడం రాయడం వచ్చినవాళ్లు, హిందీ, కొంచెం అరబ్బీ పట్టుకున్నవాళ్లు మెల్లగా తోటివాళ్ల కాగితాలు చూడడం మొదలుపెట్టారు. వాళ్లకు జీతం లేదు, ఆఫీసు లేదు. మన భాషలో వాలంటీర్ అంటే వాళ్లే. మీరు ఈ పుస్తకం గల్ఫ్‌లో ఏ బంక్ బెడ్ మీదో పడుకుని చదువుతున్నారంటే, బహుశా మీరూ ఆ దారిలో ఒక అడుగు వేసినట్టే.

మీ అఖామా నిలబడితేనే

మొదట మీ సంగతి. మీ ఉద్యోగం, మీ వీసా, మీ నిద్ర నిలిస్తేనే మీ సేవ నిలుస్తుంది. పరాయి దేశంలో మనం ఉండే హక్కు మొత్తం ఒక చిన్న ప్లాస్టిక్ కార్డు మీద, అంటే అఖామా మీద ఉంటుంది. దాని గడువు తేదీ మీకు మీ పెళ్లి రోజులాగా గుర్తుండాలి. పదిమందికి ఔట్‌పాస్, అంటే ఇంటికి పోయే అనుమతి కాగితం ఇప్పించిన మనిషి తన అఖామా రెన్యూవల్ మరిచిపోయి జరిమానా కట్టడం నా కళ్లతో చూశాను.

మీ మేనేజర్‌కు ముందే చెప్పి పెట్టండి. దాచిపెట్టి చేస్తే ఒకరోజు బయటపడుతుంది, అప్పుడు మంచి పని కూడా దొంగపనిలా కనిపిస్తుంది. "మా ఊళ్లవాళ్లకు కాన్సులేట్ పనుల్లో తోడు పోతుంటాను సార్, డ్యూటీకి అడ్డం రానియ్యను. నెలకు ఒకటి రెండుసార్లు రెండు గంటల పర్మిషన్ కావాలి" అని అడిగితే ఒప్పుకునేవాళ్లే ఎక్కువ. నేను వార్నింగ్ లెటర్ తిన్న తర్వాత ఈ పని చేశాను. ముందే చేసి ఉంటే ఆ లెటర్ వచ్చేది కాదు.

డబ్బు దగ్గర ఎవరి మొహమాటానికీ లొంగకండి. అప్పు ఇవ్వకండి, మధ్యవర్తిగా ఉండకండి. మనవాళ్లు చాలామంది తెలియక చేసే పెద్ద నేరం చందాలు పోగు చేయడం. ఊళ్లో చావు జరిగితే తలా వంద వేసుకుంటాం, అందులో తప్పేమీ లేదు. యూఏఈలో మాత్రం 2021 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం అనుమతి ఉన్న సంస్థలు తప్ప మరెవరూ విరాళాలు సేకరించకూడదు. వాట్సాప్ గ్రూపులో ఖాతా నంబర్ పెట్టి "తోచినంత వేయండి" అన్నా నేరమే. చచ్చిపోయినవాడి పిల్లల కోసం అడిగినా నేరమే. అయినా సాయం చేయాలంటే దారి ఉంది. ఊళ్లోని కుటుంబం ఖాతా నంబర్ తీసుకుని మీరు ఒక్కరే, మీ సొంత డబ్బు, మీ ఎక్స్‌ఛేంజ్ నుంచి పంపండి. మీ పేరున ఒక్క దిర్హమ్ కూడా జమ కాకూడదు.

కంపెనీ వదిలి బయట పనిచేసుకునేవాళ్లను మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. సౌదీలో అయితే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, వాళ్ల మీద హురూబ్ (పారిపోయాడన్న ఫిర్యాదు) రాయిస్తాడు. అలాంటి తమ్ముడు ఒకడు రాత్రిపూట సంచి పట్టుకుని మీ గది ముందు నిలబడితే మనసు కరుగుతుంది. అన్నం పెట్టండి. ఫోన్ ఛార్జ్ చేసుకోనివ్వండి. గదిలో మాత్రం ఉంచుకోకండి. ఆశ్రయమిచ్చినవాళ్ల మీద కూడా కేసు పడుతుంది. మీతోపాటు గదిలో ఉన్న మిగతా ఏడుగురూ ఇరుక్కుంటారు. తెల్లవారగానే అతన్ని కాన్సులేట్ దారి పట్టించండి. ఇది రాయడానికి నాకు కష్టంగానే ఉంది. ఒకసారి నేను ఒకతన్ని అలా పంపించాను. వీధి మలుపు తిరిగేదాకా వాడు వెనక్కి చూస్తూనే పోయాడు. వాడు ఆమ్నెస్టీలో (సర్కారు క్షమాభిక్షలో) ఇల్లు చేరాడని నాలుగు నెలల తర్వాత తెలిసింది. ఆ నాలుగు నెలలూ నాకు ముద్ద సరిగా దిగలేదు.

లాంగ్ నోట్‌బుక్

ఫోన్‌లో రాసుకున్నది ఫోన్‌తోపాటే పోతుంది. సూపర్‌మార్కెట్లో దొరికే గట్టి అట్ట లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. ఒక మనిషికి ఒక పేజీ. పైన పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు. ఊళ్లో పిలిచే పేరు దాని పక్కన బ్రాకెట్లో. ఈ రెండూ చాలాసార్లు కలవవు. ఊళ్లో మల్లయ్య అయినవాడు పాస్‌పోర్టులో ఇంటిపేరుతో సహా తలకిందులుగా ఉంటాడు. దానికింద పాస్‌పోర్టు నంబర్, వీసా ఏ రకం, కంపెనీ పేరు, క్యాంపు ఎక్కడ, ఊరు, మండలం, ఇంట్లో ఫోన్ ఎత్తేవాళ్ల నంబర్, భార్య లేదా తల్లి పేరు. జిల్లా పేరు రాసేటప్పుడు జాగ్రత్త. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి. పాత పాస్‌పోర్టులో కరీంనగర్ అని ఉన్నవాడు ఇప్పుడు జగిత్యాల లేదా రాజన్న సిరిసిల్ల కావచ్చు. ఆదిలాబాద్ అని ఉన్నవాడు నిర్మల్ కావచ్చు, మంచిర్యాల కావచ్చు. శవాన్ని ఊరు చేర్చే అంబులెన్స్‌కూ కలెక్టరాఫీసుకూ రాసే అర్జీ ఈ ఒక్క తేడాతో తప్పు జిల్లాకు పోయి వారం తిరుగుతుంది.

తేదీ వేసి ప్రతి ఫోన్ రాయండి. ఎవరు మాట్లాడారు, ఏమన్నారు, మళ్లీ ఎప్పుడు చేయమన్నారు. కంపెనీ పీఆర్వో "రేపు రండి" అంటే అదీ రాయండి. మూడు "రేపు"లు ఒక పేజీలో కనిపిస్తే, నాలుగోసారి మాట్లాడేటప్పుడు మీ గొంతు దానంతటదే గట్టిపడుతుంది.

ఒక మనిషిని ఇంటికి పంపడం

ఈ పనిలో అన్నిటికన్నా బరువైనది చావు. అందుకని దీన్ని కొంచెం వివరంగా చెప్తాను. దుబాయి పద్ధతి చెప్తున్నాను. సౌదీలో, కువైట్‌లో కాగితాల పేర్లు మారతాయి, రోజులు పెరుగుతాయి, వరస ఇంచుమించు ఇదే.

పోలీసులు వచ్చి శవాన్ని మార్చురీకి తరలిస్తారు. మరణం ఎలా జరిగిందో తేలాక పోలీసు లెటర్ ఇస్తారు. దాంతో ఆరోగ్య శాఖ నుంచి డెత్ సర్టిఫికెట్. ఇంకోవైపు ఊరి నుంచి కుటుంబం రాసిచ్చిన అధికార పత్రం రావాలి. "ఫలానా వ్యక్తి లేదా కంపెనీ మా మనిషి శవాన్ని పంపే పనులు చూడవచ్చు" అని భార్యో తండ్రో సంతకం చేసి పంపే కాగితం ఇది. మొదటి రోజే దీని సంగతి చెప్పండి. చాలాసార్లు అన్నీ సిద్ధమయ్యాక ఈ ఒక్క కాగితం కోసం మూడు రోజులు ఆగుతుంది. ఇవన్నీ పట్టుకుని ఇండియన్ కాన్సులేట్‌కు పోతే మరణం నమోదు చేసి, పాస్‌పోర్టు రద్దు చేసి, ఎన్‌ఓసీ ఇస్తారు. కంపెనీ వీసా రద్దు చేయించాలి. తర్వాత ముహైస్నాలో, అంటే మనం సోనాపూర్ అనే చోట, ఎంబామింగ్. ఆ సర్టిఫికెట్ వచ్చాక కార్గో బుకింగ్.

ఖర్చు ఎవరిది? యూఏఈ కార్మిక చట్టం ప్రకారం శవాన్ని స్వదేశానికి పంపే ఖర్చు యజమానే భరించాలి. కొన్ని కంపెనీలు అడగకముందే చేస్తాయి. చేయని కంపెనీతో గొడవకు దిగకండి, చట్టం మాట నెమ్మదిగా గుర్తు చేయండి, కాన్సులేట్ వాళ్లతో ఒక ఫోన్ చేయించండి. విజిట్ వీసా మీద వచ్చి పోయినవాడికి కంపెనీ ఉండదు. అప్పుడు ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ ఉంది. 2009లో మన విదేశీ కార్యాలయాల్లో పెట్టిన నిధి. దిక్కులేనివాళ్ల శవాల రవాణాకు అందులోంచి ఇస్తారు. అర్జీ పెట్టాలి, పేదరికం చూపించాలి.

కార్గో బుకింగ్ పూర్తయ్యేదాకా ఊరికి తేదీ చెప్పకండి. ఈ మాటను అండర్‌లైన్ చేసుకోండి. "శవం ఎప్పుడొస్తది?" అని రోజుకు పదిసార్లు అడుగుతారు. బాధ తట్టుకోలేక "ఎల్లుండి" అనేస్తాం. వాళ్లు చుట్టాలందరికీ చెప్పుకుంటారు, ఊరంతా పొయ్యి వెలిగించకుండా కూర్చుంటుంది, ఎల్లుండి శవం రాదు. ఎయిర్ వే బిల్, అంటే కార్గో బుకింగ్ కాగితం, చేతికొచ్చాకే తేదీ చెప్పండి. అంతవరకు "ఇయ్యాల పోలీసు లెటర్ వచ్చింది, రేపు సర్టిఫికెట్‌కు పోతున్నం" అని జరిగింది జరిగినట్టు చెప్పండి. మనిషికి తేదీ లేకపోయినా పని కదులుతోందన్న నమ్మకం చాలు, తట్టుకుంటాడు.

శంషాబాద్ నుంచి ఊరిదాకా తెలంగాణ ప్రభుత్వం ఉచితంగా అంబులెన్స్ పంపుతుంది. విమానం దిగాక అడిగితే ఆలస్యమవుతుంది. బుకింగ్ కాగానే ఎయిర్ వే బిల్ కాపీతో అర్జీ పెట్టించండి.

చావు కబురు ముందుగా ఎవరికి చెప్పాలి? నేను చేసిన రెండో పెద్ద తప్పు ఇక్కడే. ఒకసారి ఇంటి నంబర్‌కే నేరుగా చేశాను. ఆమె ఎత్తింది. వెనుక రేడియో పాట, బీడీల చాట కదులుతున్న చప్పుడు. నేను నా పేరు చెప్పి, "అక్కా, ఇంట్ల పెద్దోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగాను, అంతే. నా గొంతులోనే ఆమెకు అంతా తెలిసిపోయింది. కత్తెర నేల మీద పడ్డ చప్పుడు వినిపించింది. తర్వాత చాలాసేపు పాట ఒక్కటే వినిపించింది. పక్కన మనిషి లేదు, పట్టుకునేవాళ్లు లేరు, నేను వేల మైళ్ల అవతల ఫోన్ పట్టుకుని నిలబడ్డాను. అప్పటినుంచి ముందు అన్నకో, మేనమామకో, సర్పంచ్‌కో చేస్తాను. ఇద్దరు ఆడవాళ్లను తోడు తీసుకుని ఇంటికి వెళ్లమంటాను. వాళ్లు చేరి, కూర్చున్నాక నాకు మిస్డ్ కాల్ ఇవ్వమంటాను. అప్పుడు మాట్లాడతాను.

శవపెట్టె ఊరు చేరడంతో పని అయిపోదు. ఆ ఇంటికి రావాల్సిన డబ్బు ఇంకా అక్కడే ఉంటుంది. యూఏఈలో గ్రాట్యుటీ లెక్క ఇలా. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆ తర్వాత ప్రతి ఏడాదికి 30 రోజులది. మూల వేతనం 800 దిర్హమ్‌లతో ఆరేళ్లు చేసినవాడికి, 21 రోజుల వేతనం 560 చొప్పున ఐదేళ్లకు 2,800, ఆరో ఏడాదికి 800, మొత్తం 3,600 దిర్హమ్‌లు వస్తాయి. దీనికి తోడు ఆగిపోయిన జీతం, వాడుకోని లీవు డబ్బు. ఈ లెక్క కాగితం మీద రాసి, కుటుంబానికొకటి, కంపెనీకొకటి ఇవ్వండి.

ఈసీఆర్ (ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాల్సిన) పాస్‌పోర్టుతో పద్ధతి ప్రకారం వెళ్లినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 కడితే పది లక్షల బీమా. అది ప్రమాదంలో పోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా వర్తిస్తుంది. నిద్రలో గుండె ఆగిపోయినవాడికి ఆ పది లక్షలు రావు. మన పిల్లల్లో అలా పోతున్నవాళ్లు ఎందరో ఈ పని చేసేవాళ్లందరికీ తెలుసు. కాబట్టి పాలసీ చూడకుండా "పది లక్షలొస్తయ్" అని ఆ ఇల్లాలికి ఆశ పెట్టకండి. తెలంగాణ ప్రభుత్వం 2024 సెప్టెంబరులో ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇస్తారు. 2023 డిసెంబరు 7 తర్వాత జరిగిన మరణాలకు ఇది వర్తిస్తుంది. కలెక్టర్‌కు అర్జీ పెట్టాలి. రద్దయిన పాస్‌పోర్టు, డెత్ సర్టిఫికెట్ పారేయొద్దని, కాపీలు తీసి పెట్టుకొమ్మని దినాలు కాకముందే చెప్పండి. దుఃఖంలో ఉన్న ఇంట్లో కాగితాలు పెట్టె అడుక్కుపోతాయి.

చనిపోయినవాడి ఫొటో మాత్రం తీయకండి, గ్రూపుల్లో పెట్టకండి. చట్టరీత్యా అది అక్కడ నేరం. ఆ చట్టం లేకపోయినా నేను ఇదే చెప్పేవాణ్ని. ఆ ఫొటో తిరిగి తిరిగి ఊరికే చేరుతుంది. బడికి పోయే అతని బిడ్డ చూస్తుంది.

బతికున్నవాళ్ల గోస

మనకు చావు ఫోన్లే గుర్తుంటాయి గానీ, పది ఫోన్లలో తొమ్మిది బతికున్నవాళ్లవే. జీతం రెండు నెలలుగా లేదు, పాస్‌పోర్టు కంపెనీ దగ్గరుంది, ఏజెంటు డ్రైవర్ పని అని చెప్పి గొర్ల కాపరిగా ఎడారిలో దించాడు. వీటిలో చాలావాటికి దారి అక్కడి కార్మిక శాఖ ఫిర్యాదు, మన కాన్సులేట్, 2015లో వచ్చిన మదద్ పోర్టల్. మదద్‌లో ఫిర్యాదును ఊళ్లోని ఇంటివాళ్లే నమోదు చేయవచ్చు. జమ్మికుంటలో డిగ్రీ చదివే చెల్లె అన్న కోసం ఫోన్‌లోనే చేయగలదు. మీరు చేయాల్సింది ఆ చెల్లెకు పోర్టల్ పేరు చెప్పి, పక్కనుండి మొదటిసారి చేయించడం.

ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల నుంచి ఫోన్ వస్తే మరీ జాగ్రత్త. మన రెండు జిల్లాల నుంచి తక్కువే గానీ కడప, గోదావరి జిల్లాల అక్కచెల్లెళ్లు ఎక్కువమంది ఉంటారు, వాళ్లకు తెలుగు మాట్లాడే మనిషి దొరికితే అదే పదివేలు. ఆవేశపడి ఆ ఇంటి గుమ్మం దగ్గరికి వెళ్లకండి. వెళితే కేసు ఆమె మీదికే తిరుగుతుంది. ఇల్లు ఎక్కడుందో లొకేషన్ పంపమనండి, కాన్సులేట్‌కు చెప్పండి, ఆమె ఫోన్ లాక్కున్నారేమో తెలుసుకోవడానికి రోజుకు ఒకే వేళలో ఒక మిస్డ్ కాల్ గుర్తు పెట్టుకోండి.

ఎండాకాలం క్యాంపులకు వెళ్లేటప్పుడు ఒక మాట తప్పక చెప్పండి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. ఇది చట్టం. ఇది తెలియక తలనొప్పితో పనిచేస్తూ కుప్పకూలినవాళ్లున్నారు.

కొందరు ఏమీ అడగరు. ఊరికే ఫోన్ చేస్తారు. "ఏం లేదన్నా, ఊకెనే చేసిన" అంటారు. ఆ ఫోన్లను తేలిగ్గా తీసుకోకండి. వీసాకు చేసిన అప్పు నూటికి మూడు రూపాయల మిత్తితో పెరుగుతుంటుంది. ఇంట్లో చెప్పుకోలేడు, గదిలో చెప్పుకోలేడు. వారం నుంచి అన్నం సరిగా తినట్లేదని, నిద్ర లేదని, ఎవరికీ బరువు కావొద్దని మాటల్లో దొర్లితే ఫోన్ పెట్టనివ్వకండి. "సచ్చిపోవాలనిపిస్తున్నదా తమ్మీ?" అని నేరుగా అడగండి. అలా అడిగితే ఆ ఆలోచన పుడుతుందని భయపడనక్కరలేదు. ఎవరో అడిగినందుకు అతని గుండె కొంత తేలికవుతుంది. పక్క బెడ్ మనిషి నంబర్ తీసుకోండి, ఆ రాత్రి అతన్ని ఒంటరిగా వదలొద్దని చెప్పండి, తెల్లారి డాక్టర్ దగ్గరికి తీసుకుపోయే ఏర్పాటు చేయండి.

ఏళ్లు పట్టే కేసులూ ఉంటాయి. సిరిసిల్ల ప్రాంతానికి చెందిన ఐదుగురు 2005లో ఒక నేపాలీ వాచ్‌మన్ మృతి కేసులో దుబాయి జైలుకు వెళ్లారు. నేపాల్‌లోని ఆ కుటుంబానికి 15 లక్షల రూపాయల పరిహారం అందింది, వాళ్లు క్షమించారు, అయినా విడుదలకు ఏళ్లు పట్టింది. పద్దెనిమిదేళ్ల తర్వాత, వాళ్లలో కొందరు 2024 ఫిబ్రవరిలో ఇల్లు చేరారు. ఆ పద్దెనిమిదేళ్లలో కాన్సులేట్ అధికారులు మారారు, ప్రభుత్వాలు మారాయి. ఫైలు చేతులు మారుతూ బతికే ఉంది. ఒక్క మనిషి జ్ఞాపకం మీద నడిచి ఉంటే అది ఏనాడో ఆగిపోయేది.

మార్లవాయి

ఈ సందర్భంలో మన గడ్డ మీదికి పరాయి దేశం నుంచి వచ్చిన ఒక మనిషి గుర్తొస్తాడు. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త. 1940లో జోడేఘాట్‌లో గోండు తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల గోస ఏమిటో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం ఆయన్ని పంపింది. సర్కారు పని మీద వచ్చినవాడు గనుక ఆయన్ని వాలంటీర్ అనలేం. ఆయన బతికిన తీరులో మాత్రం మనకు కావాల్సింది ఉంది. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి జైనూరు దగ్గర మార్లవాయిలో గుడిసె వేసుకున్నాడు. ముందు గోండి నేర్చుకున్నాడు, తర్వాతే నోరు విప్పాడు. తన కొడుక్కి గోండు పెద్ద పేరు పెట్టుకున్నాడు, లచ్చు పటేల్ అని. 1943లో మార్లవాయిలో శిక్షణ కేంద్రం పెట్టి గోండు పిల్లలకు పాఠం చెప్పే గోండు పంతుళ్లనే తయారు చేయించాడు. ఆ కేంద్రం పుణ్యాన చదువు చెప్పడానికి ఆయనే ఊళ్లో ఉండాల్సిన అవసరం లేకపోయింది.

బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో కన్నుమూస్తే 2012లో చితాభస్మం తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. గోండులు ఇప్పటికీ వర్ధంతి జరుపుతారు. వీలైతే ఒకసారి వెళ్లి చూడండి. ఉట్నూరు నుంచి దూరమేమీ కాదు.

హైమెండార్ఫ్ చేసినట్టు తాము లేకపోయినా పని సాగేలా ఇంకొకరిని తయారు చేయకపోవడం, గల్ఫ్ వాలంటీర్లలో నాకు కనిపించే పెద్ద లోపం ఇదే. మంచివాళ్లే, రాత్రింబవళ్లు తిరుగుతారు. వాళ్లు సెలవు మీద ఊరికొస్తే ఆ రెండు నెలలూ క్యాంపులో కాగితం కదలదు. కాన్సులేట్‌లో ఏ కౌంటర్‌కు పోవాలో, ఎంబామింగ్‌కు ఎవరిని అడగాలో వాళ్ల తలలోనే ఉంటుంది. ఒకరోజు వాళ్ల వీసా కూడా రద్దవుతుంది, ఆ తెలివంతా విమానంలో శంషాబాద్‌లో దిగిపోతుంది. ప్రతి కేసుకూ ఒక కొత్త తమ్ముణ్ని వెంట తీసుకుపోండి. మొదటిసారి వాడు చూస్తాడు. రెండోసారి మీరు పక్కన నిలబడి వాడితో మాట్లాడించండి. మూడోసారి వాడొక్కడే పోతాడు, మీరు ఫోన్‌లో ఉంటారు. నాలుగోసారి మీకు ఫోన్ కూడా రాదు. అది వాడి కృతఘ్నత అనుకుని బాధపడకండి.

నా నోట్‌బుక్‌లు మూడు నిండాయి. తిరిగొచ్చే ముందు వాటిని నిర్మల్ దగ్గరి ఒక తమ్ముడికి ఇచ్చాను. ఆరేళ్లుగా నాతో తిరిగినవాడు. విమానాశ్రయానికి వచ్చి, "అన్నా, ఫోన్ చెయ్యాల్సొస్తే?" అని అడిగాడు. మూడు నెలల దాకా చెయ్యమన్నాను, ఆ తర్వాత వద్దన్నాను. మొదటి నెలలో పదకొండుసార్లు చేశాడు. రెండో నెలలో నాలుగుసార్లు. మూడో నెలలో ఒక్కసారి, అదీ పండుగ శుభాకాంక్షలు చెప్పడానికి.

ఈ సెలవు రోజు మీ క్యాంపులో అలాంటి తమ్ముడు ఒకడు ఎవరో చూడండి. హిందీ వచ్చినవాడు, కోపం తక్కువున్నవాడు, మాట దాచుకోగలవాడు. ఛాయ్ తాగడానికి పిలవండి. వచ్చేటప్పుడు కొత్త నోట్‌బుక్ ఒకటి తెచ్చుకొమ్మని చెప్పండి.